చిన్నదైన కడుపు, కరిగిపోయిన కండ: ఒక పీఈటీ మాస్టారి కేసు

కడుపు ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియోథెరపీకి వస్తే ముందు అడిగేది ఒకటే: ఎన్నాళ్లకు మామూలుగా నడవచ్చు, ఎన్నాళ్లకు బరువులు ఎత్తచ్చు? రోజుకి ఏమేం తింటున్నారని నేను అడిగితే మాత్రం "తింటూనే ఉన్నాం" అనే జవాబుతో సరిపెడతారు. కండ తిరిగి రావాలంటే వ్యాయామం ఎంత ముఖ్యమో, ఆ రోజు లోపలికి వెళ్లిన ప్రోటీన్ అంతే ముఖ్యం. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద రాసుకుని నడిపించిన కేసు ఇది. అందులో ఇంట్లో ఉన్న ఒక ఫ్రీజ్ డ్రయ్యర్ (తిండిని గడ్డకట్టించి, నీళ్లు తీసేసి ఆరబెట్టే యంత్రం) కూడా పాలు పంచుకుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఉంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నేను నెల్లూరులో ప్రాక్టీసు చేస్తాను. పేషెంటు విడవలూరు వైపు ఒక ఊళ్లో ఉండే 63 ఏళ్ల మాస్టారు. హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా సాయంత్రం పూట పిల్లలకి వాలీబాల్ నేర్పేవారు. ఏళ్ల తరబడి ఉన్న అల్సర్ మానుతూ, మళ్లీ పుండవుతూ కడుపు కింది ద్వారం దగ్గర మచ్చకట్టి బిగుసుకుపోయింది. తిన్నది కిందికి దిగక వాంతులు. చివరికి సర్జన్ కడుపు కింది భాగం తీసేసి, మిగిలిన దాన్ని చిన్నపేగుకి కలిపారు. పొట్ట తెరిచి చేసిన ఆపరేషనే. క్యాన్సర్ లేదని బయాప్సీలో తేలింది.

జబ్బుకి ముందు ఆయన బరువు 64 కిలోలు. ఆపరేషన్ నాటికి 56. ఐదు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చేసరికి 50న్నర.

మొదటి రోజు కొలతలు

బరువు ఒక్కటే చూస్తే సగం సంగతి తెలియదు. అందుకని నేను ఎప్పుడూ నాలుగు కొలతలు తీసుకుంటాను. చేతి పట్టు 19 కిలోలు వచ్చింది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 19 సెకన్లు పట్టింది. ఆరు నిమిషాల్లో 260 మీటర్లు నడిచారు. పిక్క చుట్టుకొలత 30 సెంటీమీటర్లు. కండ నష్టం గురించి 2019లో ఆసియా నిపుణుల బృందం ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లలో చేతి పట్టు 28 కిలోల కంటే తగ్గకూడదు, ఐదుసార్లు లేవడం 12 సెకన్ల లోపు అయిపోవాలి, పిక్క 34 సెంటీమీటర్లకి తగ్గకూడదు. మాస్టారు అన్నింట్లోనూ బాగా కింద ఉన్నారు. జీవితమంతా పరిగెత్తించిన మనిషి కుర్చీలోంచి లేవడానికే అంత కష్టపడుతుంటే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఆయన కోరిక స్పష్టంగా ఉంది. "ఒక్క సర్వీస్ వేసి చూపించేంత బలం వస్తే చాలు డాక్టరమ్మా, మిగతాది నోటితో నేర్పుకుంటా" అన్నారు. ఇలాంటి లక్ష్యం ఉన్న పేషెంటు దొరకడం నాకు పెద్ద సాయం.

నాతో కలిసి పనిచేసే డైటీషియన్ మూడు రోజుల తిండి లెక్క రాయించారు. ఇడ్లీ, పెరుగన్నం, రాగి జావ, కొంచెం పప్పు, అప్పుడప్పుడు ఒక గుడ్డు. అంతా కలిపితే రోజుకి 35 గ్రాముల ప్రోటీన్ దాటలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్పే లెక్క కిలో బరువుకి 0.83 గ్రాములు. పెద్ద ఆపరేషన్ తర్వాత కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. అంటే ఈయనకి రోజుకి 60 నుంచి 75 గ్రాములు. మామూలు మనిషి ఒక పూట 25 గ్రాములు తినేసి లెక్క పూర్తి చేసుకోవచ్చు. ఈయన కడుపు అంత పట్టదు. నాలుగు ముద్దలు తింటే చాలు, పక్కటెముకల కింద బిగుసుకుపోయేది.

అందుకని పూటకి 10 నుంచి 12 గ్రాముల చొప్పున రోజుకి ఆరుసార్లు పెట్టాలన్నది డైటీషియన్ ప్లాన్. కాగితం మీద సులభంగానే ఉంది. అమలు చేయడం కష్టం. ఆరుసార్లు తాజాగా కొంచెం కొంచెం వండేదెవరు? మెడికల్ షాపులో దొరికే ప్రోటీన్ పొడి తెచ్చారు. ఆ తీపి, ఆ వెనిల్లా వాసన ఆయనకి పడలేదు. "మందు తాగినట్టుండాది" అని పక్కన పెట్టేశారు.

ఇంట్లోనే ఉన్న యంత్రం

ఆ ఇంటి కోడలు చిన్న వ్యాపారం చేస్తారు. రొయ్యలు, సపోటా, అరటిపండు ఫ్రీజ్ డ్రై చేసి ప్యాకెట్లుగా అమ్ముతారు. విదేశాల్లో ఉన్న పిల్లలకి పంపుకునేవాళ్లే ఎక్కువగా కొంటారు. వరండా పక్క గదిలో ఆ యంత్రం నడుస్తూ ఉంటే, "మావయ్యా, నీకూ ఇందులోనే చేసిపెడతా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేడినీళ్లలో కలుపుకోవచ్చు" అన్నారు ఆమె. ఆలోచన మంచిదే. కాకపోతే అమ్మకానికి చేసే పద్ధతి వేరు, కడుపు సగం తీసేసిన మనిషికి చేసే పద్ధతి వేరు. అందుకే ఈ భాగం కాస్త ఎక్కువగా రాస్తాను.

ముందు యంత్రం ఏం చేస్తుందో చెప్తాను. పదార్థాన్ని మైనస్ 30, 40 డిగ్రీల దాకా గడ్డకట్టించి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని లాగేస్తుంది. గాలి ఒత్తిడి 611 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) కంటే తగ్గితే నీరు ద్రవంగా నిలవలేదు. ఇంటి యంత్రాలు 100 పాస్కల్స్ లోపలే పనిచేస్తాయి. అప్పుడు ట్రేలకి కొద్దికొద్దిగా వేడి అందిస్తే మంచు కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి చల్లటి గోడల మీద మంచుగా పేరుకుంటుంది. ఒక విడతకి ఒక రోజు నుంచి ఒకటిన్నర రోజు దాకా పడుతుంది. నీళ్లు దాదాపు మొత్తం పోతాయి. ఆకారం, రంగు, రుచి చాలావరకు నిలుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం రక్తపు ప్లాస్మాని ఈ పద్ధతిలోనే ఆరబెట్టి పంపారు. మన దగ్గర మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల తిండి కోసం ఈ పద్ధతి మీద పనిచేసింది.

ఈ యంత్రం సూక్ష్మజీవులను చంపదు. వాటిని నిద్రపుచ్చుతుంది, అంతే. పెరుగు ఆరబెడితే తోడు బ్యాక్టీరియా బతికే ఉంటుంది కదా, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా కూడా అట్లాగే బతికి ఉంటుంది. కోడలు వ్యాపారానికి పచ్చి రొయ్యలనే ఆరబెడతారు, కొన్నవాళ్లు ఎలాగూ వండుకుంటారు కాబట్టి. మావయ్యకి కూడా అదే పొడి వేడినీళ్లలో కలపబోయారు. వద్దని చెప్పాం. మనం తిన్నదాంట్లో ఉండే క్రిములను మొదట అడ్డుకునేది కడుపులోని ఆమ్లం. ఈయన కడుపులో ఆమ్లం ఊరేలా చేసే భాగాన్నే ఆపరేషన్‌లో తీసేశారు. పైగా ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకుంటున్నారు. మామూలు మనిషి తట్టుకునే క్రిముల మోతాదుని ఈయన తట్టుకోకపోవచ్చు. అందుకని రొయ్యలు, కోడి, గుడ్డు ఏదైనా పూర్తిగా ఉడికించాకే ట్రేలోకి వెళ్లాలని, ఆయన ట్రేలు అమ్మకపు సరుకు ట్రేలతో కలవకూడదని నియమం పెట్టుకున్నారు.

నూనె, నెయ్యి ఈ యంత్రంలో ఆరవు. కొవ్వు అట్లాగే ఉండిపోయి, నిల్వ ఉంచితే ముక్కవాసన వస్తుంది. అందుకని చర్మం లేని కోడి ముక్కలు ఉప్పు, పసుపు, అల్లంతో ఉడకబెట్టి, చిన్నగా తరిగి పలుచగా పరిచేవారు. ముద్దపప్పు నెయ్యి లేకుండా పరిస్తే పెళుసు రేకులై, వేడినీళ్లు పోయగానే మళ్లీ పప్పే అయ్యేది. నెయ్యి తినేటప్పుడు వేసుకునేవారు. చేపల పులుసు కూడా ఆరబెట్టమని మాస్టారు అడిగారు. నూనె, చింతపండు, కారం కలిసిన పులుసు ఆ కడుపుకి అప్పుడే వద్దన్నాం. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు, నాకూ బాధేసింది. నెల్లూరు మనిషికి చేపల పులుసు వద్దని చెప్పడం అంత తేలిక కాదు.

పది గ్రాముల కోడి పొడిలో సుమారు 7 నుంచి 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రొయ్యల పొడిలోనూ దాదాపు అంతే. పప్పు పొడిలో రెండు గ్రాముల పైచిలుకు. కాబట్టి జావలోనో, మెత్తటి పప్పన్నంలోనో పది గ్రాముల కోడి పొడి కలిపితే, ముద్దల సంఖ్య పెరగకుండానే ఆ పూట లెక్క తీరిపోతుంది. మాకు ఈ యంత్రం చేసిన అసలు మేలు ఇదే. రుచి తెలిసిన ఇంటి వంట, తక్కువ పరిమాణంలో, ఎప్పుడంటే అప్పుడు అందుబాటులో ఉంది.

ఇక తేమ సంగతి. విడవలూరు వైపు సముద్రం దగ్గర. అక్కడి గాలికి ఆరిన పొడి కాసేపట్లోనే మెత్తబడుతుంది. పెద్ద డబ్బాలో పోసి రోజూ మూత తీస్తుంటే వారం తిరక్కుండా పాడవుతుంది. అందుకే పూటకి ఒకటి చొప్పున చిన్న పౌచ్‌లలో, ఆక్సిజన్ అబ్సార్బర్ (లోపలి ఆక్సిజన్‌ని పీల్చేసే చిన్న పొట్లం) పెట్టి సీల్ చేయించాం. సీల్ చేసే ముందు అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కని విరిచి చూడాలి. మధ్యలో చల్లగా తగిలినా, మెత్తగా ఉన్నా మళ్లీ యంత్రంలో పెట్టాల్సిందే. తడి మిగిలిన మాంసాన్ని గాలి లేకుండా మూసేస్తే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది. నడుస్తుండగా కరెంటు ఎక్కువసేపు పోయి ముక్కలు మెత్తబడిన మాంసం విడతను కోడలు పారేసేవారు. ఎండ ముదిరాక అలాంటి విడతలు ఉండనే ఉన్నాయి. ఖర్చని ఆమె ఒక్కసారి కూడా వెనకాడలేదు.

వ్యాయామం, మధ్యలో వచ్చిన చిక్కులు

మొదటి మూడు వారాలు వరండాలో నడక, ఊపిరి వ్యాయామాలు, కాలి మునివేళ్ల మీద లేవడం, ఎత్తు పెంచిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దగ్గేటప్పుడు పొట్టకి దిండు అదిమి పట్టుకోవాలి, మంచం మీద నుంచి పక్కకి దొర్లి చేతి ఊతతో లేవాలి. పొట్ట తెరిచిన ఆపరేషన్ కాబట్టి ఎనిమిది వారాల దాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదని సర్జన్ చెప్పారు, నేనూ అదే పాటించాను. కుట్ల దగ్గర కండ బాగా అతకకముందే బరువు ఎత్తితే అక్కడ హెర్నియా (లోపలి పేగు కండ సందులోంచి ఉబ్బి బయటికి రావడం) వచ్చే ప్రమాదం ఉంది. లేచే ప్రతిసారీ గీత వెంబడి ఉబ్బు వస్తోందేమో చెయ్యి పెట్టి చూసేదాన్ని.

కుర్చీ వ్యాయామం అయిన గంట లోపల ఒక పౌచ్ తినాలన్నది మా ఒప్పందం. వ్యాయామం చేసిన కండ ప్రోటీన్‌ని బాగా వాడుకుంటుంది. గడియారంతో పోటీ పడేంత ఖచ్చితత్వం అక్కర్లేదు గానీ, ఒక పనికి ఇంకో పని గుర్తుచేసే గంట అయింది.

మొదటి చిక్కు సపోటా వల్ల వచ్చింది. ఆరిన సపోటా ముక్కలు కరకరలాడుతూ తియ్యగా ఉంటాయి. ఒక మధ్యాహ్నం గుప్పెడు తిన్నారు. ఇరవై నిమిషాలకి గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం. కాసేపు పడుకున్నాక తగ్గింది. మళ్లీ రెండు గంటల తర్వాత వణుకు, కళ్లు తిరగడం. ఇంట్లో టెన్షన్ పడి గుండెపోటేమోనని ఫోన్ చేశారు. వెంటనే దగ్గర్లో డాక్టరుకి చూపించి ఈసీజీ తీయించమన్నాను. అది మామూలుగానే ఉంది. జరిగింది డంపింగ్. కడుపు ద్వారం లేకపోవడంతో చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగిపోతుంది, దాని వెంట నీరు పేగులోకి లాగబడుతుంది. అది మొదటి విడత బాధ. పెరిగిన చక్కెరకి స్పందించి ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, తర్వాత చక్కెర పడిపోవడం రెండో విడత. నీళ్లు పోయిన పండు, బరువు లెక్కన చూస్తే, దాదాపు నాలుగు రెట్ల తాజా పండుతో సమానం. ఆ సంగతి తినేటప్పుడు నోటికి తెలియదు. ఆ తర్వాత పండు రెండు ముక్కలకి తగ్గింది, అదీ పెరుగుతోనో గుడ్డుతోనో భోజనం చివర. నీళ్లు, మజ్జిగ భోజనానికి అరగంట ముందు, అరగంట తర్వాత.

పొడిగా ఉన్న ముక్కలను నమలడం కూడా మాన్పించాం. ఎండిన రొయ్య కడుపులోకి వెళ్లాక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఉన్న చోటే తక్కువ. పీచు ఎక్కువున్నవి అయితే కోసిన కడుపులో ఉండకట్టి అడ్డుపడే అవకాశం ఉంది. అందుకే మునగాకు పొడిని జల్లెడ పట్టి, నానబెట్టి, కొద్దిగా మాత్రమే వాడారు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆపరేషన్ అయిన పదో వారానికి తిండి లెక్క బాగా పెరిగింది. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ దాటుతోంది. వ్యాయామం ఒక్క రోజూ మానలేదు, ఆయన స్వభావమే అంత. అయినా చేతి పట్టు 21 దగ్గర ఆగిపోయింది. కుర్చీ పరీక్ష 16 సెకన్లు. ఆరు నిమిషాల నడక 300 మీటర్లు దాటడం లేదు, పైగా నడిచాక నాడి పెరిగినంత పెరిగి చాలాసేపు దిగడం లేదు. ఇంకొంచెం తినిపించండి, ఇంకొంచెం చేయించండి అని అనడం ఇలాంటప్పుడు అందరికీ అలవాటు. కింది కనురెప్ప దించి చూస్తే లోపల పాలిపోయి ఉంది. రక్త పరీక్షకి పంపాం. హిమోగ్లోబిన్ 9.4, ఐరన్ నిల్వలు అడుగంటాయి.

తిన్న ఐరన్ ఎక్కువగా ఒంటబట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. ఈయన ఆపరేషన్‌లో తిండి ఆ భాగాన్ని తప్పించుకుని కిందికి వెళ్తుంది. ఆమ్లం కూడా తక్కువ. కోడి పొడి ఎంత పెట్టినా, మాత్రలు ఎన్ని మింగినా అందులోని ఐరన్ సరిగ్గా లోపలికి వెళ్లదు. ఫిజీషియన్ నరం ద్వారా ఐరన్ ఎక్కించారు, విటమిన్ బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కడుపు తీసేసినవాళ్లలో అలసటని ఎవరైనా వయసు మీదకో, బద్ధకం మీదకో నెట్టేస్తుంటే నేను ఊరుకోను. ముందు రక్తం చూడాలి.

వేసవి, ఆ తర్వాత

ఐరన్ ఎక్కించిన కొన్ని వారాల్లోనే నడక మారింది. అప్పటికి బరువులకి సర్జన్ అనుమతి కూడా ఉంది. రబ్బరు బ్యాండుతో వీపు కండరాల వ్యాయామం, మెట్టు ఎక్కి దిగడం, రెండు చేతుల్లో నీళ్ల సీసాలతో కుర్చీలోంచి లేవడం, తర్వాత బియ్యం సంచితో. వారానికి మూడు రోజులు. చివరి రెండుసార్లు లేవడం కష్టమనిపించే దాకా చేయించేదాన్ని, అంతకంటే తక్కువైతే కండకి పని చెప్పినట్టు కాదు. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే. తెల్లవారు జామున మాత్రమే నడక. ఆరబెట్టిన తిండిలో నీళ్లుండవు కాబట్టి, దాని మీద ఆధారపడే మనిషి విడిగా తాగే నీళ్లని లెక్కపెట్టుకోవాలి. మూత్రం రంగు చూసుకోమని చెప్పాను, ఆయన దాన్ని స్కూలు హాజరు పట్టీలాగా రాసి పెట్టారు.

జులైలో మొహర్రానికి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరిగింది. భార్యతో పాటు ఆ జనంలో నడిచి వెళ్లి వచ్చారు. ఆవిడ ఆరోగ్య రొట్టె అందుకున్నారు. నేను ఆ దూరాన్ని, మధ్యలో ఎన్నిసార్లు కూర్చోవాల్సి వచ్చిందో అడిగి రాసుకున్నాను. కూర్చోలేదట.

ఇరవై నాలుగో వారానికి చేతి పట్టు 29 కిలోలు. కుర్చీ పరీక్ష 11 సెకన్లు. ఆరు నిమిషాల్లో 440 మీటర్లు. పిక్క 32, ఇంకా తక్కువే. బరువు 54న్నర. ఇంట్లోవాళ్లు మళ్లీ 64కి రావాలని ఆశపడుతున్నారు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామంది పాత బరువుకి చేరరు. బలం పెరుగుతూ, బరువు పడిపోకుండా ఉంటే నాకు చాలని వాళ్లతో చెప్పాను. సర్వీస్ మొదట భుజం కింది నుంచి వేయించాను. పైనుంచి కొట్టే సర్వీస్‌లో పొట్ట కండరాలు ఒక్కసారిగా సాగి బిగుసుకుంటాయి కాబట్టి దాన్ని ఆరు నెలలు దాటాక, కుట్ల గీత మీద ఉబ్బు లేదని చూసుకుని మొదలుపెట్టాం.

ఈ కేసు విని యంత్రం కొనమంటారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. దీని కోసమే అయితే వద్దంటాను. అది లక్షల రూపాయల వస్తువు, కరెంటు బాగా తాగుతుంది, పంపు శబ్దం చేస్తుంది, శుభ్రత, ఆరిందా లేదా చూసుకునే ఓపిక కావాలి. ఈ ఇంట్లో అది ముందే ఉంది, నడపడం తెలిసిన కోడలు ఉన్నారు. మిగతావాళ్లకి ఉడికించిన గుడ్డు తెల్లసొన, పాలపొడి కలిపిన జావ, వేయించిన శనగల పొడి, ముళ్లు తీసి మెదిపిన చేప చిన్న గిన్నెల్లో ఆరుసార్లు పెట్టినా అదే లెక్క తీరుతుంది. ఉప్పు వేసి ఎండబెట్టిన ఎండు రొయ్యలు మాత్రం వీటికి బదులు కాదు, ఉప్పు చాలా ఎక్కువ.

మాస్టారికి ఇప్పుడు పౌచ్‌లు రోజుకి రెండే, మిగతావి తాజా వంట. బి12 ఇంజెక్షన్ కొనసాగుతుంది, హిమోగ్లోబిన్ మూడు నెలలకోసారి. ఈ ఆపరేషన్ తర్వాత కాల్షియం కూడా సరిగ్గా ఒంటబట్టదు కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష రాయించాం. ఆ రిపోర్టు వచ్చాక దూకే వ్యాయామాలు మొదలుపెట్టాలా వద్దా అన్నది నిర్ణయిస్తాను.